డేనిష్ వలసల మ్యూజియం ఏది చూడాలి? ఎల్క్ హార్నా, సోల్వాంగా, సియాటిలా?

"ఎగ్జిబిషన్‌కి వెళ్దామమ్మా" అన్నాను. "నాంపల్లిదా?" అంది మా అమ్మ.

కాదు, అయోవాలో మొక్కజొన్న చేల మధ్య ఉండే ఒక చిన్న ఊళ్లో అని చెప్పాక మొహం కాస్త చిన్నబుచ్చుకుంది. మిర్చి బజ్జీలు లేవు, జెయింట్ వీల్ లేదు, చీరల స్టాళ్లు అసలే లేవు. పాత పెట్టెలు, లేసు అల్లికలు, నీలం ప్లేట్లు, వందేళ్ల పైచిలుకు కిందట డెన్మార్క్ నుంచి ఓడెక్కి వచ్చిన రైతుల ఫొటోలు. ఇంతే కదా అనుకుంటూ లోపలికి వెళ్లిన మనిషి రెండున్నర గంటలు తిరిగింది. ముందు అలిసిపోయింది నేనే.

అప్పట్నుంచి తెలిసినవాళ్లు అడుగుతుంటారు: అమ్మానాన్నలు వచ్చారు, లేదా పిల్లలకి సెలవులు, డేనిష్ మ్యూజియం ఒకటి చూపించాలంటే ఏది బాగుంటుంది అని. అమెరికాలో ఈ పని బాగా చేస్తున్న చోట్లు నాకు తెలిసి మూడు. అయోవాలోని ఎల్క్ హార్న్‌లో మ్యూజియం ఆఫ్ డేనిష్ అమెరికా, కాలిఫోర్నియాలోని సోల్వాంగ్‌లో ఎల్వర్‌హోయ్ మ్యూజియం, సియాటిల్‌లో నేషనల్ నోర్డిక్ మ్యూజియం (నోర్డిక్ అంటే డెన్మార్క్, నార్వే, స్వీడన్ లాంటి ఉత్తర యూరప్ దేశాలవి). రోడ్డు మీద ఒకదాన్నుంచి ఇంకోదానికి వెయ్యి మైళ్ల పైనే. మూడూ చూసేద్దాం అనుకుంటే కుదరదు, ఏదో ఒకటి ఎంచుకోవాల్సిందే.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటి ప్రశ్న: మీకు కావాల్సింది మనుషుల కథా, చేతిపనా? ఎవరు వచ్చారు, ఎందుకు వచ్చారు, ఎలా బతికారు అన్నది ఒక రకం ప్రదర్శన. వాళ్లు చెక్కిన చెక్క, అల్లిన లేసు, వేసిన బొమ్మలు మరో రకం. మ్యూజియంలన్నీ రెండూ ఉన్నాయనే చెప్తాయి. కానీ ఏదో ఒక వైపు మొగ్గు ఉండి తీరుతుంది.

రెండోది చాలామంది పట్టించుకోరు. ప్రతి మ్యూజియంలోనూ ఎప్పుడూ ఉండే పర్మనెంట్ ఎగ్జిబిట్ ఒకటి, కొన్ని నెలలకోసారి మారే గ్యాలరీ ఒకటి ఉంటాయి. వలస కథ మొదటిదాంట్లో ఉంటుంది. ఇప్పటి కళాకారుల పెయింటింగులు, ఫొటోలు, అరువు తెచ్చిన వస్తువులు రెండోదాంట్లో ఉంటాయి. జీవితంలో ఒక్కసారే వెళ్లేవాళ్లు పర్మనెంట్ బలంగా ఉన్నచోటికి వెళ్లాలి. దగ్గర్లోనే ఉంటూ ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్లగలిగినవాళ్లకి మారే గ్యాలరీ బాగుండటం ముఖ్యం.

మూడోది మీతో వచ్చేవాళ్ల కాళ్ల ఓపిక. నాలుగోది మ్యూజియం బయట ఏముందన్నది, ఎందుకంటే ఇంట్లో అందరికీ మ్యూజియం పిచ్చి ఉండదు. టికెట్ ధర గురించి మాత్రం బుర్ర పాడుచేసుకోకండి. దారిలో పోసే పెట్రోలు ముందు అది లెక్కలోకి రాదు.

| | ఎల్క్ హార్న్ | సోల్వాంగ్ | సియాటిల్ |
|---|---|---|---|
| మొదలు | 1983లో సంస్థ, 1994లో ఇప్పటి భవనం | 1988లో ఒక ఇల్లు మ్యూజియం అయింది | 1980లో మొదలు, 2018లో కొత్త భవనం |
| బలం | వలస కథ, వంశాల వివరాలు | ఇల్లే ఒక కళాఖండం, ఆర్ట్ గ్యాలరీ | ఐదు నోర్డిక్ దేశాలు ఒకేచోట |
| లోపం | దూరం, చలికాలం ఇబ్బంది | చిన్నది, ఊరంతా టూరిస్టులు | డెన్మార్క్ వాటా ఐదింట ఒకటి |
| పట్టే సమయం | ఊరితో కలిపి రోజంతా | గంట, గంటన్నర | రెండు మూడు గంటలు |
| దగ్గరి నగరం | ఓమహా, డె మోయిన్ | శాంటా బార్బరా | నగరంలోనే |

వెళ్లేముందు కాస్త నేపథ్యం

ఇది తెలియకుండా వెళ్తే పాత సామాను చూసి వచ్చినట్టే ఉంటుంది. 1850 నుంచి 1920 దాకా డెన్మార్క్ నుంచి దాదాపు 3 లక్షల మంది అమెరికాకి వచ్చేశారు. ఎక్కువమందిది భూమి సమస్య. ఇంట్లో నలుగురు కొడుకులుంటే పొలం ఒక్కడికి కూడా సరిపోని పరిస్థితి. ఇక్కడేమో 1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ఐదేళ్లు కాపురముండి సాగు చేస్తే 160 ఎకరాలు సొంతం. కొందరు మోర్మన్ మతంలో చేరి యూటా దారి పట్టారు. 1864 యుద్ధంలో డెన్మార్క్ ఓడిపోయాక దాని దక్షిణాన ఉన్న ష్లెస్విగ్ ప్రాంతం ప్రష్యా (ఇప్పటి జర్మనీకి మూలమైన రాజ్యం) చేతికి పోయింది. అక్కడి డేనిష్ కుర్రాళ్లలో చాలామంది, మనల్ని ఓడించినవాడి సైన్యంలో పనిచేయడమేమిటని ఓడెక్కేశారు.

వచ్చాక ఏం చేశారంటే, గొడవపడ్డారు. గ్రుండ్‌విగ్ అనే మతాచార్యుడి దారిలో నడిచేవాళ్లకి పాట, నాట్యం, జానపద కథలు, పరీక్షలు లేని 'ఫోక్ స్కూళ్లు' కావాలి. ఇన్నర్ మిషన్ అనే మత ఉద్యమం వాళ్లకి భక్తి, నిష్ఠ కావాలి, డ్యాన్సులు పాపం. మొదటివాళ్లని సంతోషపు డేన్లని (డేన్లంటే డేనిష్ వాళ్లే), రెండోవాళ్లని పవిత్ర డేన్లని పిలిచేవారు. 1894లో వాళ్ల చర్చి రెండుగా చీలిపోయింది. అమెరికాలో మన తెలుగు సంఘాల చరిత్ర తెలిసినవాళ్లకి దీన్ని ఇంకా విడమర్చి చెప్పక్కర్లేదు. ఎల్క్ హార్న్‌లోనూ సోల్వాంగ్‌లోనూ ఏ గది చూసినా ఈ చీలిక గుర్తుపెట్టుకోండి. సోల్వాంగ్ పెట్టింది సంతోషపు డేన్లే, ఆ ఊరు ఎందుకంత రంగులమయంగా ఉందో సగం దీనివల్లే తెలుస్తుంది.

ఎల్క్ హార్న్: కథ కావాలంటే ఇదే

ఐ-80 హైవే మీద ఓమహా నుంచి డె మోయిన్ వైపు వస్తూ 54వ ఎగ్జిట్ దగ్గర దిగి, ఉత్తరానికి ఏడు మైళ్లు వెళ్తే ఊరొస్తుంది. జనాభా ఆరు వందల దరిదాపు. ఇంత చిన్న ఊళ్లో దేశం మొత్తానికి చెప్పుకునే డేనిష్ మ్యూజియం ఎందుకు పెట్టారని అనుమానం రావచ్చు. ఈ చుట్టుపక్కల పల్లెలన్నీ డేనిష్ రైతులు కట్టుకున్నవే. అమెరికాలో మొదటి డేనిష్ ఫోక్ స్కూల్ 1878లో ఇక్కడే పెట్టారు. మ్యూజియం పేరు ముందు డేనిష్ ఇమిగ్రెంట్ మ్యూజియం. 2013లో మ్యూజియం ఆఫ్ డేనిష్ అమెరికాగా మార్చారు. వలస వచ్చినవాళ్ల కథతో ఆపకుండా వాళ్ల మనవలు, మునిమనవల కథ కూడా చెప్పాలన్న ఆలోచన ఆ మార్పులోనే కనిపిస్తుంది.

లోపల నాకు నచ్చింది ప్రయాణపు పెట్టెలు. ఇనుప పట్టీలు కొట్టిన చెక్క పెట్టెలు, వాటి మీద రంగుతో రాసిన పేరు, చేరాల్సిన ఊరు. మా నాన్న ఒక పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఖాళీ పెట్టే ఇరవై కేజీలుండేలా ఉందిరా, ఇంక సామానేం పెట్టుకుంటారు?" అన్నారు. మా ఇంట్లో కొక్కేనికి తగిలించే చిన్న కాటా ఒకటుంది. ఇండియా నుంచి బయల్దేరే ప్రతిసారీ సూట్‌కేసు దానికి వేలాడదీసి, 23 కేజీలు దాటితే ఆవకాయ సీసా తియ్యాలా, కారప్పొడి తియ్యాలా అని అర్ధరాత్రి దాకా చర్చ. ఆ పెట్టె ముందు నిలబడితే వీళ్లు ఏం తీసేసి ఏం ఉంచుకున్నారో అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. మిగతా వస్తువుల్ని కూడా ఆ ప్రశ్నతోనే చూడండి. ప్రార్థన పుస్తకం, అమ్మ అల్లిన గుడ్డ, వడ్రంగి పనిముట్లు.

నీలం ప్లేట్ల గురించి ఒక మాట. కోపెన్‌హేగన్‌లోని బింగ్ అండ్ గ్రోన్‌డాల్ కంపెనీ 1895లో మొదలుపెట్టి ప్రతి క్రిస్మస్‌కీ ఒక నీలం ప్లేటు చేసింది. అమెరికాలోని డేనిష్ ఇళ్ల గోడల మీద అవి బారులు తీరి ఉండేవి. ఒకటి చూస్తే అందం, పది చూస్తే ఆశ్చర్యం, ఆ తర్వాత కళ్లు మూతలు పడతాయి. అక్కడ ఆగిపోకుండా ముందుకు నడవండి.

వంశవృక్షం వెతుక్కునేవాళ్ల కోసం ఇక్కడ జీనియాలజీ సెంటర్ ఉంది. మనకి అందులో పనేం లేదు గానీ, తాత ఏ ఊళ్లో పుట్టాడో తెలుసుకోవడానికి డెబ్బై ఏళ్లవాళ్లు ఎలా కాగితాలు తిరగేస్తారో చూస్తే మన ఇంటిపేర్ల సంగతి కూడా రాసిపెట్టుకోవాలనిపిస్తుంది.

బయట ఉన్నది ఇంకా బాగుంటుంది. మ్యూజియం చుట్టూ గడ్డి మైదానాన్ని యెన్స్ యెన్సెన్ పేరుతో ప్రెయిరీ పార్కుగా పెంచుతున్నారు. షికాగో పార్కుల్లో ముఖ్యమైనవి కొన్ని వేసింది ఆయనే. 1860లో డ్యూబెల్ దగ్గర పుట్టాడు. 1864 యుద్ధంలో డేన్లు ఓడిపోయిన చోటు అదే. ప్రష్యా సైన్యంలో పనిచేసి, 1884లో అమెరికా వచ్చేశాడు. విదేశీ పూలమొక్కలు కాకుండా ఆ నేల మీద సహజంగా పెరిగే గడ్డి, చెట్లతోనే పార్కు వెయ్యాలని ఆయన పట్టుదల. ఆయన వేసిన చాలా పార్కుల్లో గుండ్రంగా కట్టిన రాతి అరుగు ఉంటుంది, మధ్యలో నెగడు వేసుకునే చోటు. అచ్చం మన రచ్చబండే. అక్కడ కూర్చున్నవాళ్లలో పెద్దా చిన్నా ఉండకూడదనేది ఆయన ఉద్దేశం. ఆ ఒక్క విషయంలో మన రచ్చబండకి తేడా ఉందనుకోండి.

ఊళ్లో గాలిమర తప్పకుండా చూడాలి. ఇది మ్యూజియంది కాదు, వేరే టికెట్. 1848లో డెన్మార్క్‌లోని నోరె స్నేడె దగ్గర కట్టిన అసలు మర ఇది. అక్కడ విప్పి, ముక్క ముక్కకీ నంబరు వేసి, సముద్రం దాటించి 1976లో ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. ఊరివాళ్లు చందాలు వేసుకుని, తామే మేకులు కొట్టి చేసిన పని. తర్వాత 'బెస్టెమోర్ ఇల్లు' అని 1908 నాటి ఇల్లు ఉంది. బెస్టెమోర్ అంటే బామ్మ. డేనిష్‌లో అమ్మ తల్లిని మోర్‌మోర్ అంటారు. మోర్ అంటే అమ్మ, కాబట్టి అది అక్షరాలా అమ్మమ్మే. నాన్న తల్లి ఫార్‌మోర్, అంటే నానమ్మ. ఇంగ్లీషుకి చేతకాని ఈ తేడా వాళ్లకీ ఉందని తెలిశాక మా అమ్మకి డేన్ల మీద అభిమానం అమాంతం పెరిగిపోయింది.

లోపాలూ చెప్పాలి. మారే గ్యాలరీ ఇక్కడ పెద్దదేం కాదు. కారు లేకపోతే అసలు చేరుకోలేరు. జనవరి, ఫిబ్రవరిల్లో ఐ-80 మీద మంచు తుఫాను పట్టుకుంటే ఎగ్జిట్ కూడా కనపడదు. మేలో మెమోరియల్ డే వారాంతానికి టివోలి ఫెస్ట్, నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ వారాంతానికి యూలెఫెస్ట్ జరుగుతాయి. ఆ రోజుల్లో ఊరు కళకళలాడుతుంది గానీ ప్రశాంతంగా మ్యూజియం చూడాలనుకునేవాళ్లు వేరే రోజు పెట్టుకోండి.

సోల్వాంగ్: చేతిపని చూడాలంటే ఇక్కడ

సోల్వాంగ్ గురించి వినని వాళ్లు తక్కువ. గాలిమరలు, చెక్క దూలాలు బయటికి కనిపించే ఇళ్లు, బేకరీల ముందు క్యూలు, చిన్న మత్స్యకన్య బొమ్మ. మొదటిసారి వెళ్తే సినిమా సెట్టులా అనిపిస్తుంది. అలా అనిపించడం తప్పు కాదు, అందులో కొంత నిజముంది. 1911లో ఊరు పెట్టినప్పుడు ఇవేవీ లేవు. అయోవా, ఆ చుట్టుపక్కల చలికి విసిగిపోయిన డేనిష్ కుటుంబాలకి కాలిఫోర్నియా ఎండలో ఒక ఊరు కావాలని నోర్డెంటాఫ్ట్, గ్రెగర్సన్, హోర్న్‌సిల్డ్ అనే ముగ్గురు పూనుకుని శాంటా ఇనెజ్ లోయలో 9,000 ఎకరాల దాకా కొన్నారు. నోర్డెంటాఫ్ట్ అంతకుముందు డె మోయిన్‌లోని గ్రాండ్ వ్యూ కాలేజీకి అధ్యక్షుడు. సోల్వాంగ్ అంటే ఎండ కాసే పొలం. మొదట్లో కట్టినవి మామూలు కాలిఫోర్నియా ఇళ్లే. ఈ డేనిష్ వేషం 1940ల్లో మొదలైంది. 1947లో ఒక జాతీయ పత్రికలో ఊరి మీద వ్యాసం వచ్చాక టూరిస్టులు వెల్లువెత్తారు, వేషం ఇంకా చిక్కబడింది.

అందుకే ఎల్వర్‌హోయ్ చూడమంటాను. మెయిన్ వీధి హడావిడికి నాలుగడుగుల దూరంలో, ఇళ్ల మధ్య ఉంటుంది. శిల్పి విగ్గో బ్రాంట్-ఎరిక్సన్, ఆయన భార్య, చిత్రకారిణి మార్తా మాట్ తమ కోసం కట్టుకున్న ఇల్లు ఇది. డెన్మార్క్‌లోని జట్లాండ్‌లో 18వ శతాబ్దపు రైతు ఇళ్లు ఎలా ఉండేవో ఆ తీరులో కట్టారు. చెక్కిన తలుపు, చేత్తో రంగులు వేసిన చెక్కపని, ఇనుప పని. అంతా ఇంట్లోవాళ్ల చేతుల మీదుగా వచ్చిందే. ఎల్వర్‌హోయ్ అంటే ఎల్ఫ్‌ల గుట్ట. మన కథల్లో యక్షులుండే గుట్ట లాంటిదనుకోండి. ఆ పేరుతో 1828లో వచ్చిన నాటకం డేన్లకి జాతీయ నాటకం అంతటిది.

ఇక్కడ సామాను కంటే గదే ప్రదర్శన. ఎల్క్ హార్న్‌లో అద్దాల వెనక వస్తువు చూస్తారు, ఇక్కడ ఆ వస్తువు ఉండాల్సిన చోటే ఉంటుంది. ఊరి చరిత్ర చెప్పే భాగం ఒకటుంది, దాన్ని దాటవెయ్యకండి. బయట వీధిలో చూసిన వేషం ఎప్పుడు, ఎవరు, ఎందుకు వేశారో తెలిసేది అక్కడే. ఒక గ్యాలరీలో ఏడాది పొడవునా కళా ప్రదర్శనలు మారుతుంటాయి. పెయింటింగ్, ఫొటోగ్రఫీ, నేత, ఒక్కోసారి ఒక్కోటి. మారే ప్రదర్శనల కోసమే వెళ్లేవాళ్లకి మూడింటిలో చిన్నదైనా ఇదే నచ్చుతుందని నా అంచనా.

చేతిపని అన్నాను కాబట్టి ఒకటి దగ్గరగా చూద్దాం. క్రిస్మస్ రోజుల్లో ఏ డేనిష్ ఇంట్లోనైనా, మ్యూజియంలోనైనా కనిపించే కాగితపు హృదయం. ఎర్ర కాగితం ఒకటి, తెల్ల కాగితం ఒకటి తీసుకుని, రెండింటినీ మడిచి, తెరిచి ఉన్న కొసను గుండ్రంగా కత్తిరిస్తారు. మడత వైపు నుంచి పట్టీలుగా చీలుస్తారు. తర్వాత చాప అల్లినట్టు అల్లాలి. కానీ పైనుంచి కిందనుంచి కాదు, ఒక పట్టీ ఇంకో పట్టీ పొరల లోపలికి దూరాలి, ఆ తర్వాతది దాన్ని చుట్టుకోవాలి. సరిగ్గా చేస్తే చివర్లో అది సంచీలా నోరు తెరుచుకుంటుంది. లోపల బాదంపప్పులో చాక్లెట్లో వేసి చెట్టుకి వేలాడదీస్తారు. తప్పు చేస్తే తెరుచుకోదు, మూడో పట్టీ దగ్గర చిరుగుతుంది, నాకు అలాగే చిరిగింది. ఇప్పటిదాకా దొరికినవాటిలో పాతది 1860లో హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ చేసినది. పిల్లల కథలు రాసిన ఆయనే. ఆయనకి కాగితం కత్తిరించడం పెద్ద సరదా. కథ చెప్తూ పెద్ద కత్తెరతో మడతపెట్టిన కాగితం కోస్తూ, కథ అయిపోయేసరికి విప్పి చూపించేవాడట. సోల్వాంగ్‌లోనే ఒక పుస్తకాల షాపు మేడ మీద ఆయన పేరుతో చిన్న మ్యూజియం ఉంది, టికెట్ లేదు, పది నిమిషాల్లో అయిపోతుంది.

మా అమ్మకి రెండోసారికే వచ్చేసింది. ఇప్పుడు పాత శుభలేఖలు పారెయ్యనివ్వదు. ఎరుపూ పసుపూ కలిపి అల్లుతుంది, గుమ్మానికి కడుతుంది.

లోపం చెప్పాలంటే, ఇది ఒక ఇల్లంత మ్యూజియం. దీనికోసమే బే ఏరియా నుంచి మూడు వందల మైళ్లు వెళ్తే 'ఇంతేనా' అనిపించవచ్చు. లాస్ ఏంజిలస్ వైపు నుంచి అయితే 130 మైళ్లు. 101 హైవే మీద వెళ్తూ కాలబాసస్ దగ్గర దిగితే మాలిబు వేంకటేశ్వరస్వామి గుడి. పొద్దున్నే దర్శనం చేసుకుని, ప్రసాదం తిని, మధ్యాహ్నానికి సోల్వాంగ్ చేరుకోవచ్చు. ఊరి అంచునే 1804 నాటి శాంటా ఇనెజ్ మిషన్ చర్చి ఉంది. డేన్లు వచ్చేనాటికి వందేళ్ల ముందే స్పానిష్ పాదిరీలు, వాళ్లకంటే ఎంతో ముందు నుంచి చుమాష్ ప్రజలు ఇక్కడ ఉన్నారని గుర్తుచేసేది అదే. అరగంట కేటాయించండి.

సియాటిల్: అన్నీ ఒకచోట

బాలర్డ్ ప్రాంతంలో, పాత స్కూలు భవనంలో నోర్డిక్ హెరిటేజ్ మ్యూజియంగా మొదలైంది. 2018లో కొత్త భవనం వచ్చింది, మరుసటి ఏడాది నేషనల్ అన్న హోదా దక్కింది. డెన్మార్క్, నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, ఐస్‌లాండ్ ఐదింటి కథ ఇక్కడే. భవనం నడుమ లోయలా ఒక పొడవాటి హాలు, దానికి ఒక పక్క నోర్డిక్ దేశాలు, ఇంకో పక్క అమెరికా. పైన వంతెనలు. ఒక వైపు చూసి వంతెన దాటితే మీరూ వలస వెళ్లినట్టే. ఆలోచన చాలా బాగుంది, పిల్లలకి కూడా చెప్పకుండానే అర్థమవుతుంది.

మిగతా రెండింటికంటే ఇక్కడ డబ్బు, స్థలం, అరువు తెచ్చుకునే శక్తి ఎక్కువ. మారే ప్రదర్శనలు పెద్ద స్థాయిలో ఉంటాయి. కానీ డేనిష్ కథ కోసమే వెళ్తే నిరాశ తప్పదు. బాలర్డ్‌ది నార్వే, స్వీడన్ల చేపల పడవలు, కలప మిల్లుల చరిత్ర. సియాటిల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్‌లో ఉండే మనవాళ్లు విమానం ఖర్చు లేకుండా చూసేయొచ్చు, అదే దీని అసలు ప్లస్. దగ్గర్లోని బాలర్డ్ లాక్స్‌లో వేసవిలో సాల్మన్ చేపలు మెట్లెక్కుతూ పోతుంటే అద్దంలోంచి చూడొచ్చు. పిల్లలు మ్యూజియం మర్చిపోయినా దాన్ని మర్చిపోరు.

డెన్మార్క్ వెళ్లేవాళ్లకి

పని మీదో పర్యటనకో అటు వెళ్తే రెబిల్డ్ కొండలు చూడండి. అమెరికాలో స్థిరపడిన డేన్లు డబ్బు వేసుకుని ఆ నేల కొని 1912లో స్వదేశానికిచ్చారు. అప్పట్నుంచి, యుద్ధకాలం లాంటి కొన్నేళ్లు మినహాయిస్తే, ఏటా జూలై 4న అక్కడ అమెరికా స్వాతంత్ర్య దినం జరుపుతారు. వలస వెళ్లినవాళ్ల కథ వదిలి వచ్చిన ఊరి వైపు నుంచి కనిపించేది ఇక్కడే.

ఎవరికి ఏది

అమ్మానాన్నలతో అయితే ఎల్క్ హార్న్. భాష రాకపోయినా పెట్టె, తిరగలి రాయి, వంటిల్లు చూస్తే వాళ్లకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. మనకంటే వాళ్లే ఎక్కువ చెప్తారు. నడక ఎక్కువ ఉండదు, మధ్యలో కూర్చోవచ్చు. మోకాళ్ల నొప్పులుంటే మాత్రం గాలిమర మెట్లెక్కించకండి, కింద నుంచే చాలు.

పదేళ్లలోపు పిల్లలతో అయితే సియాటిల్, లేకపోతే సోల్వాంగ్. ఎల్క్ హార్న్‌కే తీసుకెళ్లాల్సి వస్తే కారులో ఒక కథ చెప్పండి. అదే అయోవాలోని ఒనావా ఊళ్లో, డెన్మార్క్‌లో పుట్టిన క్రిస్టియన్ నెల్సన్ అనే టీచర్ చిన్న షాపు నడిపేవాడు. 1920లో ఒక కుర్రాడు చేతిలో ఒక్క నాణెం పట్టుకుని ఐస్‌క్రీమా, చాక్లెటా అని తేల్చుకోలేక నిలబడ్డాడు. ఆ మొహం చూసిన నెల్సన్ ఐస్‌క్రీమ్‌కి చాక్లెట్ పూత అంటించే పద్ధతి కనిపెట్టాడు. చాకోబార్ తిన్న ప్రతి పిల్లాడికీ ఆ కుర్రాడు బంధువే.

బొమ్మలు వేసేవాళ్లు, కుట్లు అల్లికల మీద ఇష్టం ఉన్నవాళ్లు, పాత ఇళ్ల పిచ్చివాళ్లు: ఎల్వర్‌హోయ్, రెండో ఆలోచన వద్దు. చరిత్ర చదివేవాళ్లు, వలసల మీద ఏదైనా రాస్తున్నవాళ్లు ఎల్క్ హార్న్ వెళ్లి ఒక రాత్రి ఉండాలి. చేతిలో రెండు గంటలే ఉన్నాయి, ఫొటోలు బాగా రావాలి అంటే సోల్వాంగ్, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

బయల్దేరే ముందు

ఫోన్ చేసి గ్యాలరీలో ఏం నడుస్తోందో కనుక్కోండి. ఒక ప్రదర్శన దించి ఇంకోటి ఎక్కించే మధ్య కొన్ని రోజులు గ్యాలరీ మూసేస్తారు. ఒక మ్యూజియంకి, పేరెందుకు లెండి, మూడు గంటలు కారు నడిపి వెళ్తే తలుపుకి తాడు కట్టి ఉంది, లోపల నిచ్చెనలు, సుత్తి చప్పుడు. పర్మనెంట్ భాగం చూసి, టీ తాగి, వచ్చేశాం. వారంలో ఏ రోజు సెలవో కూడా చూసుకోండి, చిన్న మ్యూజియంలు వారమంతా తెరిచి ఉండవు.

తిండి సంగతి. ఎబెల్‌స్కీవర్ అని గుండ్రటి పలహారం ఎల్క్ హార్న్‌లోనూ సోల్వాంగ్‌లోనూ దొరుకుతుంది. పెనం చూస్తే నవ్వొస్తుంది, మన గుంతపొంగణాల పెనమే. పంచదార పొడి చల్లి, జామ్‌తో ఇస్తారు. శాకాహారులు గమనించండి, పిండిలో గుడ్డు ఉంటుంది. మిగతా డేనిష్ భోజనమంతా పంది మాంసం, చేపల చుట్టూ తిరుగుతుంది కాబట్టి పెద్దవాళ్లకి పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకెళ్లడమే మేలు.

ఎప్పటికైనా రెండూ చూసే ఆలోచన ఉంటే ముందు ఎల్క్ హార్న్, తర్వాత సోల్వాంగ్. సోల్వాంగ్ పెట్టినవాళ్లు వచ్చింది ఈ మొక్కజొన్న చేల వైపు నుంచే. అయోవా చలిగాలి ఒక్క సాయంత్రం మొహానికి తగిలాక, వాళ్లు ఆ ఊరికి ఎండ కాసే పొలం అని ఎందుకు పేరు పెట్టుకున్నారో మీరు ఎవర్నీ అడగక్కర్లేదు.